అమెరికా చలి నుంచి దుబాయ్, మలేషియాకు: రిటైర్మెంట్ వీసాకు ముందు ముమానీ అడిగిన ప్రశ్న

జనవరిలో ఒక రోజు షికాగో నుంచి మామూ ఫోన్ చేశారు. జుమా నమాజ్‌కు వెళ్లొస్తూ ఇంటి మెట్ల మీద ఐసులో జారిపడ్డారట. అల్లాహ్ దయవల్ల ఎముక విరగలేదు. "బేటా, ఈ చలి ఇక నా వల్ల కాదు. ఎక్కడైనా వెచ్చగా ఉండాలి, అజాన్ వినపడాలి, హలాల్ కోసం వెతుక్కోకూడదు. దుబాయో మలేషియానో కొంచెం చూసి పెట్టు" అన్నారు. వెనక నుంచి ముమానీ గొంతు వినపడింది: "అక్కడికి పోయాక మీకేమన్నా అయితే నేనెక్కడ ఉండాలో, అది కూడా చూడమని చెప్పండి."

మామూ నవ్వేశారు. నేనూ నవ్వాను. కానీ నాలుగు నెలలు ఈ పని మీద కూర్చున్నాక తెలిసింది, అసలు అడగాల్సిన ప్రశ్న అదొక్కటేనని.

వాళ్లిద్దరిదీ కడప. ముప్పై ఏళ్ల కిందట వెళ్లారు. మామూ టాక్సీ నడిపారు, తర్వాత గ్యాస్ స్టేషన్‌లో చేశారు. ఇప్పుడు ఆయనకు 68, ఆమెకు 66. ఇద్దరూ అమెరికా పౌరులు. పిల్లలు ముగ్గురూ మూడు రాష్ట్రాల్లో ఉన్నారు. షికాగో, టొరంటో, లండన్ లాంటి చలి ఊళ్లలో మనవాళ్లలో ఇలాంటి జంటలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అందరూ ఒకే రకంగా మొదలుపెడతారు. యూట్యూబ్‌లో బీచ్ చూస్తారు, ఫ్లాట్ రేటు చూస్తారు, వీసా దొరుకుతుందా అని అడుగుతారు. దొరుకుతుంది. అది ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరి పేరున ఉంటుంది అన్న దగ్గరే కథ ఉంది.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. రిటైర్మెంట్ వీసా అంటే పౌరసత్వానికి తొలిమెట్టు కాదు. కొన్నేళ్లు ఉండనిచ్చే అనుమతి, అంతే. గడువు అయిపోగానే మళ్లీ అవే షరతులు చూపించి రెన్యూ చేయించుకోవాలి. 68 ఏళ్లప్పుడు చూపించిన ఆదాయం, ఆస్తి 73లో కూడా చూపించాలి, 78లో కూడా. బతికున్న ఇద్దరిలో ఒకరే మిగిలినా చూపించాలి.

దుబాయ్ సంగతి చూద్దాం. 'రిటైర్ ఇన్ దుబాయ్' పేరుతో 2020లో ఈ వీసా మొదలైంది. 55 ఏళ్లు దాటి ఉండాలి. అయిదేళ్లకు ఇస్తారు. చూపించాల్సింది మూడింట్లో ఒకటి: పది లక్షల దిర్హాముల విలువైన సొంత ఆస్తి, లేదా పది లక్షల దిర్హాముల డిపాజిట్, లేదా నెలకు 15,000 దిర్హాముల ఆదాయం. మిగతా ఎమిరేట్లలో ఆదాయం షరతు 20,000 దిర్హాములు. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. డాలర్‌కు దిర్హాము ధర స్థిరంగా 3.67 దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి మనకు లెక్క తేలిక. 15,000 దిర్హాములంటే సుమారు 4,080 డాలర్లు. పది లక్షల దిర్హాములంటే సుమారు 2,72,000 డాలర్లు.

మామూకు సోషల్ సెక్యూరిటీ నెలకు రమారమి రెండు వేల డాలర్లు. ముమానీ బయట ఉద్యోగం చేయలేదు, ఆమెకు భార్యగా అందులో సగం దగ్గర, అంటే వెయ్యి. మొత్తం మూడు వేలు. షికాగోలో సొంతిల్లు ఉంది కాబట్టి సరిపోతోంది. కానీ దుబాయ్ అడిగే నాలుగు వేలకు చేరదు. అంటే ఆదాయం దారి మూసుకుపోయినట్టే. మిగిలింది ఇల్లు అమ్మి, ఆ సొమ్ము డిపాజిట్ వేయడమో, ఫ్లాట్ కొనడమో.

ఇప్పుడు ముమానీ ప్రశ్న దగ్గరికి రండి. మామూ ముందు పోయారనుకుందాం (అల్లాహ్ ఆయనకు మంచి ఆయుష్షు ఇవ్వాలి). సోషల్ సెక్యూరిటీలో ఇద్దరి చెక్కులూ కొనసాగవు. రెండింట్లో పెద్దది ఒక్కటే మిగిలినవాళ్లకు వస్తుంది. ముమానీకి వచ్చే వెయ్యి ఆగిపోయి, మామూ తీసుకున్న రెండు వేలు ఆమెకు వస్తాయి. ఇంటి ఆదాయం ఒక్క నెలలో మూడో వంతు తగ్గుతుంది. అద్దె తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు, ఇన్సూరెన్స్ మాత్రం ఏటేటా పెరుగుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసి చెరొక రెండు వేలు తెచ్చుకునే ఇంట్లో అయితే ఆదాయం సగానికి సగం పడిపోతుంది. రిటైర్మెంట్ బడ్జెట్ అని మనవాళ్లు రాసుకునే కాగితాల్లో ఈ పంక్తి నాకు ఎక్కడా కనపడలేదు. అందరూ ఇద్దరి లెక్కే వేస్తారు.

ఫ్లాట్ కొన్నా చిక్కు తీరదు. ఫ్లాట్ మామూ పేరున ఉండి, ఆయన పోతే, ముస్లిం ఆస్తి కాబట్టి అక్కడి కోర్టు మామూలుగా షరియత్ ప్రకారమే మీరాస్ పంచుతుంది. పిల్లలు ఉన్నారు కాబట్టి ముమానీకి ఎనిమిదో వంతు. మిగతాది కొడుకులకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు చొప్పున వెళ్తుంది. కోర్టు వారసుల్ని తేల్చేదాకా ఆయన పేరున ఉన్న బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. పది లక్షల ఫ్లాట్‌లో ఎనిమిదో వంతు అంటే లక్షా ఇరవై అయిదు వేలు. ఆ వాటాతో పది లక్షల షరతు ఎలా నిలబడుతుంది? పిల్లలు మంచివాళ్లే. తల్లిని బయటికి పొమ్మనరు. కానీ వీసా ఆఫీసుకు కావాల్సింది పిల్లల మంచితనం కాదు, పట్టా మీద పేరు.

ఇక్కడ మనలో ఒక అపోహ ఉంది. "భార్య పేరున వసీయత్ రాస్తే పోలా?" అంటారు. సున్నీ ఫిఖహ్‌లో వసీయత్ మూడో వంతు దాటకూడదు. అసలు వారసులకు వసీయత్ చెల్లాలంటే మిగతా వారసులు ఒప్పుకోవాలి. భార్య వారసురాలే కదా. అల్లాహ్ నిర్ణయించిన వాటాల్ని ఎవరూ కాదనరు. కానీ బతికుండగా చేయదగ్గ పనులు ఉన్నాయి, వాటిని మనం బద్ధకంతో వదిలేస్తాం. కొనేటప్పుడే ఇద్దరి పేరున కొనడం, లేదా ఆమె పేరునే కొనడం. హిబా చేయాలనుకుంటే నోటిమాటతో ఆపకుండా నిజంగా స్వాధీనం చేసి, కాగితం మీద పెట్టడం. ఇంకా మహర్ బాకీ ఉంటే ఇప్పుడే కట్టేయడం. మన పెద్దల్లో ఎంతమంది మహర్ బాకీగానే ఉండిపోయిందో ఎవరిని వాళ్లు అడిగి చూసుకోండి. అది అప్పు. ఆస్తి పంచే ముందు తీర్చాల్సిన అప్పు. మామూను అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పట్లో ఎంతని రాశారో నికానామా చూడాలి" అన్నారు.

దుబాయ్ వద్దంటున్నానా? కాదు. బంధువులు అక్కడే ఉన్నవాళ్లకు, హైదరాబాద్‌కు నాలుగు గంటల్లోపు విమానం కావాలనుకునేవాళ్లకు, చేతిలో కొంచెం ఎక్కువే ఉన్నవాళ్లకు అది బాగానే ఉంటుంది. వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. కానీ చలి నుంచి పారిపోయేవాళ్లకు ఒక మాట. అక్కడ ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించడం చట్టప్రకారం నిషేధం. అంత వేడి. షికాగోలో జనవరిలో ఇంట్లో బందీ అయినట్టే దుబాయ్‌లో ఆగస్టులో ఏసీ కింద బందీ అవుతారు. బందిఖానా రంగు మారింది, అంతే.

మలేషియా వేరే రకం. మా మామూకు మనసు అటే ఎక్కువ లాగింది, కారణం పెనాంగ్. జార్జ్ టౌన్‌లో కపిటాన్ కెలింగ్ మసీదు ఉంది. 1801లో అక్కడి భారతీయ ముస్లింల పెద్ద ఖాదర్ మొహిద్దీన్ ఆధ్వర్యంలో మొదలైంది. చుట్టూ తమిళ ముస్లింల దుకాణాలు, నాసి కందర్ హోటళ్లు. దాల్చా వాసన వస్తే కడపలో ఉన్నట్టే ఉంటుందని వెళ్లొచ్చినవాళ్లు అంటారు. చిన్న తేడాలు తెలుసుకుని వెళ్తే మంచిది. అక్కడ షాఫయీ మజ్‌హబ్. అసర్ అజాన్ మన హనఫీ వేళకన్నా ముందే అవుతుంది, ఫజర్‌లో ఇమామ్ ఖునూత్ చదువుతారు. వారం రోజుల్లో అలవాటైపోయే సంగతులివి. ఆసుపత్రులు మంచివి. ఇండోనేషియా నుంచి వేలమంది వైద్యానికి పెనాంగ్‌కే వస్తారు.

వీసా పేరు 'మలేషియా మై సెకండ్ హోమ్'. 2002 నుంచి ఉంది. ఒకప్పుడు మధ్యతరగతికి అందేది. 2021లో షరతులు ఒక్కసారిగా బిగించారు, నెలకు 40,000 రింగిట్ల ఆదాయం చూపించాలన్నారు. గగ్గోలు పుట్టింది. 2024లో మళ్లీ మార్చి మూడు ప్రధాన తరగతులు చేశారు. ఆ మూడింట్లో కింది తరగతి సిల్వర్. దానికి ఒకటిన్నర లక్షల డాలర్ల ఫిక్స్‌డ్ డిపాజిట్, కనీసం ఆరు లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి, వీసా అయిదేళ్లు. గోల్డ్‌కు డిపాజిట్ అయిదు లక్షల డాలర్లు, వీసా పదిహేనేళ్లు. పైది ప్లాటినం. పది లక్షల డాలర్ల డిపాజిట్, ఇరవై ఏళ్ల వీసా. మనలో అంత ఉన్నవాళ్లు నా వ్యాసం చదవరు లెండి.

సిల్వర్‌లో ఒక ముడి ఉంది. కొన్న ఇల్లు పదేళ్లదాకా అమ్మకూడదు. వీసా అయిదేళ్లే, ఇల్లు మాత్రం పదేళ్లు. 68లో కొంటే 78 దాకా ఆ సొమ్ము గోడల్లో ఉండిపోతుంది. మధ్యలో మోకాలో, గుండెనో, పిల్లల దగ్గరికి తిరిగి పోవాల్సిన అవసరమో వస్తే? ఇల్లు తాళం వేసి పోవాలి. ఇరవై ఏళ్లలో షరతులు ఇన్నిసార్లు మారిన కార్యక్రమం మీద ముసలితనమంతా ఆధారపడటం నాకు నచ్చలేదు. మామూకు అదే చెప్పాను. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ సంగతి ఇంకోటి. మలేషియాలో ఇస్లామిక్ బ్యాంకులకు కొదవలేదు. వీసా డిపాజిట్‌ను వాటిలో పెట్టడానికి వీలుందా అని దరఖాస్తుకు ముందే లైసెన్స్ ఉన్న ఏజెంటు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. ఏళ్ల తరబడి పూర్తిగా తీయలేని ఆ డబ్బు మీద జకాత్ ఎలాగో ఆలిమ్‌ను అడిగి పెట్టుకోవాలి.

మదీనాలో చివరి రోజులు గడపాలని ఆశపడేవాళ్లు సౌదీ ప్రీమియం రెసిడెన్సీ గురించి అడుగుతున్నారు. 2019లో మొదలైంది. శాశ్వతంగా కావాలంటే ఎనిమిది లక్షల రియాళ్లు, ఏడాదికైతే లక్ష రియాళ్లు. అది ఫీజు, డిపాజిట్ కాదు. తిరిగి రాదు. టర్కీలో రెండు లక్షల డాలర్ల ఇల్లు కొంటే నివాస అనుమతికి దరఖాస్తు చేయొచ్చు, కానీ ఇస్తాంబుల్‌లో మంచు కురుస్తుంది. వెచ్చదనం కావాలంటే దక్షిణాన అంతాల్యా వైపు పోవాలి, అక్కడ టర్కిష్ రాకుండా ఆసుపత్రిలో రోజు గడవడం కష్టం.

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్లు జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే. మెడికేర్ అమెరికా బయట పనిచేయదు. దుబాయ్‌లో కాదు, పెనాంగ్‌లో కాదు, హైదరాబాద్‌లోనూ కాదు. సోషల్ సెక్యూరిటీ సొమ్ము పౌరులకు ఈ దేశాల్లో వస్తుంది, వైద్యం రాదు. పార్ట్ బి ప్రీమియం 2025లో నెలకు 185 డాలర్లు. "అక్కడ పనికిరానిది ఎందుకు కట్టాలి" అని మానేసి, అయిదేళ్ల తర్వాత జబ్బుతో తిరిగొస్తే, కవరేజీ లేని ప్రతి పూర్తి ఏడాదికి పది శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది, అది జీవితాంతం. పైగా చేరడానికి జనవరి నుంచి మార్చి దాకా ఉండే గడువు కోసం ఆగాలి. అందుకే తిరిగొచ్చే అవకాశం ఏ కాస్త ఉన్నా కడుతూనే ఉండటం మంచిదని నా అభిప్రాయం. 2025 లెక్కన ఇద్దరికీ నెలకు 370 డాలర్లు. అది కూడా బడ్జెట్‌లో రాయాల్సిందే. మోకాలి ఆపరేషన్ చేయించుకునే ఆలోచన ఉంటే మెడికేర్ ఉన్నచోటే చేయించుకుని, నడవడం మొదలయ్యాకే సామాను సర్దండి.

ఎస్‌ఎస్‌ఐ మీద ఉన్న పెద్దలకు విషయం ఇంకా గట్టిది. పిల్లలు పిలిపించుకుంటే పెద్దవయసులో వెళ్లి, పనిచేసిన రికార్డు లేక, ఎస్‌ఎస్‌ఐ, మెడికెయిడ్ మీద బతికేవాళ్లు మనలో ఉన్నారు. వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఎస్‌ఎస్‌ఐ ఆగుతుంది. ఉమ్రాకు వెళ్లి, అటునుంచి ఊరికి వచ్చి రెండు నెలలు ఉండిపోయి, ఆ విషయం ఆఫీసుకు చెప్పక, తర్వాత డబ్బు వెనక్కి కట్టమని ఉత్తరం వచ్చి కంగారుపడే ఇళ్లు ఉంటాయి. వాళ్లకు విదేశంలో రిటైర్మెంట్ అన్న మాటే వర్తించదు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు ఏడాది దాటి బయట ఉంటే కార్డుకే ముప్పు. రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నా రెండేళ్లు మించదు. పౌరసత్వం తీసుకున్నాకే కదలడం మేలు.

పన్ను విషయం రెండు మాటల్లో. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా, ఆదాయం పరిమితి దాటితే ఏటా రిటర్న్ వేయాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ విడిగా నింపాలి. దుబాయ్ డిపాజిట్ ఒక్కటే దాన్ని దాటేస్తుంది.

ఇంతకీ కడప ఏమైంది అంటారా? మామూ ఆ మాట తేనే లేదు. "ముప్పై ఏళ్లయింది, ఎవరున్నారు అక్కడ" అన్నారు. కానీ ముమానీ చెల్లెలు కడపలో ఉంది, ఇద్దరు మేనకోడళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. అందుకే ఆ లెక్కా వేశాను. భారత సంతతివాళ్లకు ఓసీఐ కార్డు ఉంటే జీవితకాల వీసా. డిపాజిట్ లేదు, నెల ఆదాయం షరతు లేదు, అయిదేళ్లకోసారి రెన్యూవల్ పరీక్ష లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ముమానీ కార్డు ముమానీది. ఆమె కూడా భారత పౌరురాలిగా పుట్టింది కాబట్టి మామూ ఉన్నా లేకపోయినా ఆమె హక్కు ఆమెకే ఉంటుంది. దుబాయ్, మలేషియా లెక్కల్లో ఎక్కడా దొరకనిది ఇదే.

ఇబ్బందులు లేవా? ఉన్నాయి. ఓసీఐవాళ్లకు ఓటు లేదు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు, తాతల నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. 2021 నోటిఫికేషన్ ప్రకారం తబ్లీగ్ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, జమాత్‌లో తిరిగే పెద్దలు ఇది తెలుసుకోవాలి. తల్లిదండ్రుల్లోగానీ తాత ముత్తాతల్లోగానీ ఎవరైనా ఎప్పుడైనా పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ ఇవ్వరు. విభజన తర్వాత చీలిన హైదరాబాద్ కుటుంబాల్లో ఇది నిజంగా అడ్డుపడుతుంది, కాబట్టి టికెట్ కొనే ముందే పాత కాగితాలు వెతకండి. హెల్త్ ఇన్సూరెన్స్‌లో 65 ఏళ్ల వయసు అడ్డు 2024లో తీసేశారు, అయితే పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఆగమనే కంపెనీలు ఉన్నాయి. ఆ మూడేళ్లకు సొంత సొమ్ము పక్కన పెట్టుకోవాలి. పన్నులో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఇన్నేళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు, సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేసే హక్కు ఒప్పందం ప్రకారం అమెరికాదే.

ఇవన్నీ కాగితం మీద రాసి పంపాను. పైన నేను చెప్పిన అంకెలు కూడా దరఖాస్తు రోజున అధికారిక సైటులో మళ్లీ సరిచూసుకోవాలని రాశాను. ఏ దేశమైనా వీసా ఆఫీసుకు ముందు ఒక్క ప్రశ్న మెయిల్ చేయమన్నాను: "ప్రధాన దరఖాస్తుదారు చనిపోతే భార్య ఏ షరతుల మీద, ఎన్నాళ్లు ఉండొచ్చు?" ఏజెంటు ఫోన్‌లో "నో ప్రాబ్లమ్ సార్" అంటాడు. జవాబు రాతలో ఉండాలి. దాన్ని ముమానీ దగ్గర కూడా ఒక కాపీ ఉంచాలి.

ఇంకొకటి. ఇల్లు అమ్మకముందు అద్దెకు ఉండి చూడాలి, అదీ మంచి నెలలో కాదు. డిసెంబర్‌లో దుబాయ్ ఎవరికైనా నచ్చుతుంది. ఆగస్టులో వెళ్లి చూడాలి. అమెరికా పాస్‌పోర్టుతో మలేషియాలో 90 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు కాబట్టి అక్కడ ఈ పరీక్ష తేలిక. రోజూ మసీదుకు నడిచి వెళ్లగలుగుతున్నారా, మందుల షాపు ఎంత దూరం, రాత్రి రెండు గంటలకు ఛాతీ నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ మనిషికి మీ భాష వస్తుందా అని చూసుకోవాలి. ముమానీకి కారు నడపడం రాదు. మామూ కారు నడుపుతూ చూసిన ఊరు ఆమెకు వేరే ఊరు.

రంజాన్ తర్వాత ఫోన్ చేశారు. షికాగో ఇల్లు అమ్మడం లేదట, పెద్దబ్బాయి చూసుకుంటాడట. వచ్చే ఏడాది కడపలో మూడు నెలలు అద్దెకు ఉండి చూస్తారట. ఓసీఐ దరఖాస్తులు ఇద్దరివీ వేరువేరుగా వేశారు.

"నవంబర్‌లో రండి, వాతావరణం బాగుంటుంది" అన్నాను.

ముమానీ ఫోన్ లాక్కున్నారు. "లేదు బేటా, మే నెలకే టికెట్ తీయించా. కడప ఎండ ఎట్లా ఉంటుందో మీ మామూ మర్చిపోయారు."